ఫ్యూనరల్ డైరెక్టర్ కావడానికి డిగ్రీ: చేరేముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగినవి నాలుగు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో మొదటి ఏడాది పూర్తయింది, ఫ్యూనరల్ సర్వీస్ (అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వృత్తి) డిగ్రీకి మారదామనుకుంటున్నారు. ఆ చదువులో ఏం చెబుతారు, మృతదేహాల దగ్గర భయం లేకుండా ఉండగలనా, తర్వాత బతుకు గడుస్తుందా, ఇంట్లో అమ్మానాన్నలకు ఏమని చెప్పాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను ఇక్కడే ఆ చదువు చదివి, ఎంబామర్‌గానూ (మృతదేహం పాడవకుండా రసాయనాలతో భద్రపరిచే పని, దాన్నే ఎంబామింగ్ అంటారు) ఫ్యూనరల్ డైరెక్టర్‌గానూ (అంత్యక్రియల ఏర్పాట్లన్నీ చూసే పని) లైసెన్సు తీసుకుని చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కాలేజీ నుంచి అప్రెంటిస్‌లుగా వచ్చే పిల్లలకు పని నేర్పిస్తుంటాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఒక సంగతి ముందే చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మా పనిలో రెండో అవకాశం ఉండదు. దహనం అయిపోయాక ఒకరి దేహానికి బదులు ఇంకొకరిది దహనం చేశామని తెలిస్తే ఎవరూ చేయగలిగింది లేదు. తల్లిని చివరిసారి చూసుకునే ఆ గంట సరిగ్గా జరగకపోతే, ఆ కొడుక్కి మళ్లీ ఆ గంట తెచ్చి ఇవ్వలేం. ఈ డిగ్రీలో కెమిస్ట్రీ, చట్టం, మైనపు బొమ్మలు, అకౌంట్స్ అన్నీ కలిపి ఎందుకు చెబుతారా అని కొత్తగా చేరినవాళ్లు తికమకపడతారు. అవన్నీ ఆ ఒక్కసారి చేయాల్సిన పనిని సరిగ్గా చేయడానికే. ఇది పట్టుకుంటే చదువు భారంగా అనిపించదు.

భయం సంగతి చూద్దాం. మధ్యలో మానేసినవాళ్లను చాలామందిని చూశాను. మృతదేహాన్ని చూసి భయపడి మానేసినవాళ్లు వాళ్లలో తక్కువ. మొదట్లో చేతులు చల్లబడతాయి, రాత్రి నిద్ర పట్టదు. పని ఒక్కొక్కటే తెలుస్తున్నకొద్దీ ధ్యాసంతా పని మీదకు మళ్లుతుంది. మనుషుల్ని మాన్పించేవి వేరే ఉన్నాయి. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి, సూటు వేసుకుని, వానలోనైనా మంచులోనైనా వెళ్లాలి. పండగ పూట ఇంట్లో ఉంటామన్న నమ్మకం లేదు. అన్నిటికంటే పసిపిల్లల చావు కష్టం. అది ఎవరికీ అలవాటు కాదు, నాకూ కాలేదు. అలవాటైపోయిందని ఎవరైనా అంటే వాళ్ల దగ్గర పని నేర్చుకోకండి.

కాబట్టి భయం పోతుందా లేదా అని ఇంట్లో కూర్చుని ఆలోచించి తేల్చుకోలేరు. ఫీజు కట్టేముందు మీ ఊళ్లో ఏదైనా ఫ్యూనరల్ హోమ్‌కి (అంత్యక్రియల ఏర్పాట్లు చేసే సంస్థకి) ఫోన్ చేసి, పార్ట్‌టైమ్‌గా సహాయకురాలి పని ఉందా అని అడగండి. లైసెన్సు లేకుండానే చేయగల పనులు చాలా ఉంటాయి: తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లను లోపలికి తీసుకెళ్లడం, పూలు సర్దడం, శవవాహనం కడగడం, లైసెన్సు ఉన్నవాళ్ల వెంట ఆసుపత్రికి వెళ్లి మృతదేహాన్ని తీసుకురావడంలో చెయ్యి కలపడం. కొన్ని నెలలు అలా చేస్తే మీకే తెలిసిపోతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ రంగంలో ఉద్యోగాలు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే దొరుకుతాయి. డిగ్రీ చేతికొచ్చేసరికి మిమ్మల్ని ఎరిగిన యజమాని ఒకరు ఉంటే అప్రెంటిస్‌షిప్ కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇక చదువు. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చేది అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఫ్యూనరల్ సర్వీస్ ఎడ్యుకేషన్. దాని గుర్తింపు ఉన్న కోర్సులు దేశం మొత్తం మీద దాదాపు 60 ఉంటాయి. ఎక్కువ భాగం రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలు, కొన్ని నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీలు. డిగ్రీ పేరు ఒకచోట మార్చురీ సైన్స్ అని, ఇంకోచోట ఫ్యూనరల్ సర్వీస్ అని ఉంటుంది, సబ్జెక్టులు దాదాపు ఒకటే. గుర్తింపు లేని కోర్సులో చేరారంటే చాలా రాష్ట్రాల్లో లైసెన్సు పరీక్షకే కూర్చోనివ్వరు. ఇది మొదట చూసుకోవాల్సిన సంగతి.

రెండోది, రాష్ట్రం. లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలే. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. న్యూయార్క్‌లో ఒకే లైసెన్సు ఉంటుంది, ఎంబామింగ్ కూడా అందులోదే. కాలిఫోర్నియాలో రెండూ వేరు. అక్కడ ఫ్యూనరల్ డైరెక్టర్‌కి ఏ సబ్జెక్టులోనైనా అసోసియేట్ డిగ్రీ ఉండి రాష్ట్ర పరీక్ష పాసైతే చాలు. ఎంబామర్ కావాలంటే మాత్రం మార్చురీ సైన్స్ చదవాలి, రెండేళ్ల అప్రెంటిస్‌షిప్‌లో 100 మృతదేహాలకు ఎంబామింగ్ చేయాలి. మిన్నెసోటా బ్యాచిలర్ డిగ్రీ అడుగుతుంది. కొలరాడో 1983లో లైసెన్సు పద్ధతినే ఎత్తేసింది. 2023లో అక్కడ ఒక ఫ్యూనరల్ హోమ్‌లో 190 దాకా మృతదేహాలు కుళ్లిపోయి బయటపడ్డాయి. కుటుంబాలకు చితాభస్మమని ఇచ్చింది వేరే పొడి అని తేలింది. ఆ తర్వాత 2024లో మళ్లీ లైసెన్సు చట్టం తెచ్చారు, అది 2027 నుంచి అమలవుతుంది. ఈ చదువు, ఈ పరీక్షలు ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఒక్క ఉదాహరణే. మీరు ఏ రాష్ట్రంలో స్థిరపడాలనుకుంటున్నారో ముందు అనుకుని, ఆ రాష్ట్ర బోర్డు నిబంధనలు ఇప్పుడే చదవండి. ఒక రాష్ట్రం లైసెన్సు ఇంకో రాష్ట్రానికి దానంతటదే చెల్లుతుందని అనుకోకండి.

కోర్సులో ఎక్కువమంది ఎదురుచూసేది, ఎక్కువమంది తడబడేది ఎంబామింగ్ దగ్గరే. పని పైకి తేలిగ్గా కనిపిస్తుంది. సాధారణంగా మెడలో కుడివైపు కెరోటిడ్ ధమనిలోంచి ద్రావణం పంపిస్తాం, పక్కనే ఉన్న జుగులర్ సిరలోంచి రక్తం బయటకు వస్తుంది. తర్వాత ట్రోకార్ అనే పొడవాటి గొట్టంతో ఛాతీలోనూ పొట్టలోనూ ఉన్న ద్రవాలు లాగేసి, అక్కడికి వేరే రసాయనం పంపుతాం. విలియం హార్వే అనే ఇంగ్లిష్ వైద్యుడు 1628లో రక్తప్రసరణ గురించి రాసి ఉండకపోతే ధమనిలోంచి ద్రావణం పంపవచ్చన్న ఆలోచనకే ఆధారం లేదు. అంతర్యుద్ధ కాలంలో దూరాల్లో చనిపోయిన సైనికుల్ని ఇళ్లకు చేర్చాల్సి రావడంతో అమెరికాలో ఇది వేళ్లూనుకుంది. 1865లో లింకన్ పార్థివదేహాన్ని రైల్లో వాషింగ్టన్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా తీసుకెళ్లారు. దారి పొడుగునా ఊరూరా జనం చూశారు. ఎంబామింగ్ అంటే ఏమిటో సామాన్యులకు తెలిసింది అప్పుడే. 1882లో సిన్సినాటిలో జోసెఫ్ క్లార్క్ మొదలుపెట్టిన తరగతులు ఈనాటి కాలేజీ చదువుకు మొదలు.

అసలు విద్య ఆ గొట్టాల్లో లేదు, మృతదేహాన్ని చూసి ఏ ద్రావణం, ఎంత గాఢతలో, ఎంత ఒత్తిడితో అన్నది నిర్ణయించడంలో ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. కామెర్లతో పోయిన మనిషి శరీరంలో బిలిరూబిన్ అనే పసుపు రంగు పదార్థం పేరుకుని చర్మం పసుపుగా ఉంటుంది. ఎంబామింగ్‌లో మామూలుగా వాడే రసాయనం ఫార్మాల్డిహైడ్. దాని ద్రావణం గట్టిగా ఎక్కిస్తే బిలిరూబిన్ కాస్తా బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థం అవుతుంది, ముఖం ఆకుపచ్చగా మారిపోతుంది. మరుసటి రోజు ఆ ఇంటివాళ్లు వచ్చి చూసేది ఆ ముఖాన్నే. అందుకని అలాంటివాళ్లకు గాఢత తగ్గించి, కామెర్ల కోసమే తయారుచేసిన ద్రావణం వాడతాం. కిడ్నీలు పాడై పోయినవాళ్లది దీనికి పూర్తిగా ఎదురు. ఒంట్లో మిగిలిపోయిన యూరియా, అమ్మోనియా ఫార్మాల్డిహైడ్‌ని తినేస్తాయి, మామూలు మోతాదు చాలదు. ఒళ్లంతా నీరు పట్టినవాళ్లది మరో లెక్క. ఒకే రోజు ఈ ముగ్గురూ మీ ముందుకు రావచ్చు. కెమిస్ట్రీ మాకెందుకని తరగతిలో విసుక్కున్నవాళ్లు ప్రెప్ రూమ్‌లో (దేహాన్ని సిద్ధం చేసే గదిలో) ఆ మాట అనరు.

మైక్రోబయాలజీ కూడా అంతే. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా ఉన్న శరీరం గంటల్లో గ్యాస్‌తో ఉబ్బిపోతుంది. ఆ శరీరానికి వాడిన పరికరాలు సరిగ్గా శుద్ధి చేయకుండా పక్క మనిషికి వాడితే అక్కడా అదే జరుగుతుంది. క్షయతో పోయినవారిని కదిలించేటప్పుడు ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి బయటకు రావచ్చు, అందుకే ముందు ముక్కూ నోరూ కప్పుతాం. క్రూట్జ్‌ఫెల్ట్ జాకబ్ అనే మెదడు వ్యాధికి కారణమైన ప్రియాన్ అనే ప్రొటీన్‌ని ఫార్మాల్డిహైడ్ ఏమీ చేయలేదు, అది నశించదు. ఇవి పరీక్ష కోసం నేర్చుకునేవి కావు, మీ ప్రాణం కోసం నేర్చుకునేవి.

ఫార్మాల్డిహైడ్ గురించి కాలేజీలో ఎంత గట్టిగా చెప్పినా చాలదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇక్కడి కార్మిక భద్రతా చట్టం ప్రకారం ఎనిమిది గంటల సగటున గాలిలో 0.75 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అన్న కొలత) దాటకూడదు, 15 నిమిషాల సగటు 2 పీపీఎం మించకూడదు. ఉద్యోగానికి వెళ్లే చోట ప్రెప్ రూమ్ చూడనివ్వమని అడగండి. గాలి బయటకు లాగే ఏర్పాటు పనిచేస్తోందా, కళ్లు కడుక్కునే కుళాయి ఉందా, మాస్కులు సరైనవి ఇస్తున్నారా చూడండి. లోపలికి అడుగుపెట్టగానే కళ్లు మండితే అక్కడ చేరకండి. జీతం ఎంతైనా సరే.

రెస్టొరేటివ్ ఆర్ట్ నాకు చాలా ఇష్టమైన సబ్జెక్టు, ఇప్పటికీ. దెబ్బలతోనో జబ్బుతోనో మారిపోయిన ముఖాన్ని ఇంటివాళ్లు గుర్తుపట్టేలా తిరిగి తేవడం ఇందులో నేర్పుతారు. మొదటి టర్మ్‌లో మైనంతో చెవి చేయమంటారు, తర్వాత ముక్కు, నోరు, కన్ను. చెవి చేయడం మొదలుపెట్టాకగానీ ఇన్నాళ్లూ మనం ఎవరి చెవినీ సరిగ్గా చూడలేదని తెలియదు. ముఖం వెడల్పు సుమారు ఐదు కళ్ల వెడల్పు ఉంటుందని, చెవి పొడవు ముక్కు పొడవుకు దగ్గరగా ఉంటుందని కొలతలు చెబుతారు. ఆ కొలతలు మొదలుపెట్టడానికి ఆసరా మాత్రమే. ఏ ముఖమూ రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఆ తేడాలోనే మనిషి ఉంటాడు. చక్కగా సమానంగా చేసిపెడితే కూతురు వచ్చి, మా నాన్నలా లేరండీ అంటుంది. అందుకే కుటుంబాన్ని ఫొటో అడుగుతాం. పెళ్లినాటి ఫొటో కాదు, ఈమధ్య తీసింది, నవ్వకుండా ఉన్నది ఒకటైనా కావాలి. జుట్టు ఏ పక్కకు దువ్వుకునేవారు, కళ్లద్దాలు ఎప్పుడూ పెట్టుకునేవారా, మీసం ఎంత ఉండేది అని అడగాలి. నోరు మూయడం దగ్గర ఎక్కువ సమయం పెట్టమని మా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతాను. ముఖంలో చూసేవాళ్ల కళ్లు ముందు అక్కడికే వెళతాయి. పెదవులు ఒక్క పిసరు ఎక్కువ బిగిస్తే మనిషి కోపంగా ఉన్నట్టు కనిపిస్తాడు. బొమ్మలు వేయడం రాదని వెనకాడకండి. ఇది చూడటం నేర్చుకున్నవాళ్లకు వచ్చే విద్య.

చట్టం, వ్యాపారం గురించి చెప్పే తరగతుల్లో పిల్లలు నిద్రపోతారు. నా లెక్కలో నిజానికి ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. భార్య ఒకటంటే మొదటి పెళ్లి పిల్లలు ఇంకొకటంటారు. దహనానికి సంతకం పెట్టే హక్కు ఎవరిది? రాష్ట్ర చట్టంలో వరస ఉంటుంది, అది నోటికి వచ్చి ఉండాలి. చాలా రాష్ట్రాల్లో దహనానికి ముందు కొన్ని గంటలు ఆగాలి, అనుమతి పత్రాలు రావాలి. ఆ వ్యవధి ఊరికే పెట్టలేదు, వెనక్కి తీసుకోలేని పని కాబట్టి పెట్టారు. గుండెలో పేస్‌మేకర్ ఉందా అని అడిగి తీసేయాలి, లేకపోతే దహన యంత్రంలో పేలుతుంది. గుర్తింపు బిళ్ల మృతదేహం వచ్చిన క్షణం నుంచి అస్థికలు కుటుంబం చేతికి వెళ్లేదాకా వెంట ఉండాలి. మరణ ధ్రువపత్రంలో పేరు స్పెల్లింగ్ ఒక్క అక్షరం తప్పితే బీమా, బ్యాంకు, ఇల్లు అన్నీ నెలల తరబడి ఆగిపోతాయి.

ధరల విషయంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి ఫ్యూనరల్ రూల్ 1984 నుంచి ఉంది. ఎవరు వచ్చి అడిగినా ధరల పట్టిక చేతికి ఇవ్వాలి, వాళ్లు తీసుకెళ్లవచ్చు. ఫోన్‌లో అడిగితే చెప్పాలి. శవపేటిక వేరే చోట కొనుక్కొచ్చినా కాదనకూడదు, దానికి అదనంగా వసూలు చేయకూడదు. చట్టం అడగనప్పుడు ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పకూడదు. దుఃఖంలో ఉన్న మనిషి బేరమాడలేడు. ఎంత చెబితే అంత కడతాడు, తక్కువ ఖర్చు పెడితే ప్రేమ తక్కువని లోకం అనుకుంటుందేమోనని భయపడతాడు. అప్పుడు ఎదురుగా కూర్చున్న మీ చేతిలో ఎంత బలం ఉంటుందో ఊహించండి. అమ్మకాల మీద కమిషన్ ఇచ్చే చోట్లు ఉన్నాయి. మొదటి ఉద్యోగానికి అలాంటి చోటు వద్దనే నా సలహా. కొత్తలో పడిన అలవాటు పోదు.

దుఃఖం గురించిన సైకాలజీ ఒకటి రెండు కోర్సులు ఉంటాయి. చదవండి, మంచివే. కానీ కుటుంబంతో కూర్చోవడం పుస్తకంలో రాదు. మంచి డైరెక్టర్ పక్కన కూర్చుని, ఆయన ఎప్పుడు మాట్లాడడో గమనిస్తే వస్తుంది.

కోర్సు పూర్తయ్యేలోపు అసలైన ఎంబామింగ్‌లలో కనీసం 10సార్లు పాల్గొనాలి. తరువాత జాతీయ బోర్డు పరీక్ష, దాన్ని ఆర్ట్స్, సైన్సెస్ అని రెండు భాగాలుగా పెడతారు. స్కేల్ చేసిన మార్కుల్లో (పేపరు కష్టాన్ని బట్టి సర్దిన మార్కులు) 75 రావాలి. ఎక్కువ మంది సైన్సెస్‌కి భయపడి దాని మీదే పడతారు, ఆర్ట్స్‌లో చట్టం, అకౌంట్స్, ఫ్యూనరల్ చరిత్ర, వేర్వేరు మతాల ఆచారాలు ఉంటాయని మర్చిపోతారు. కాలేజీ అవగానే, చదివింది పచ్చిగా ఉండగానే రాసేయండి. అప్రెంటిస్‌షిప్‌లో పడ్డాక చదవడానికి తీరిక దొరకదు. అప్రెంటిస్‌షిప్ చాలా రాష్ట్రాల్లో ఒక ఏడాది. కొన్నిచోట్ల చదువుకు ముందే, కొన్నిచోట్ల చదువుతూనే చేయనిస్తారు.

ఆన్‌లైన్‌లో చేయవచ్చా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పే గుర్తింపు ఉన్న కోర్సులు చాలా ఉన్నాయి. ఎంబామింగ్ మాత్రం కాలేజీ ఒప్పుకున్న ఫ్యూనరల్ హోమ్‌లోనో, క్యాంపస్‌లోనో చేసి తీరాలి. ఇప్పటికే ఈ పనిలో ఉద్యోగం చేస్తున్నవాళ్లకు అది బాగుంటుంది. పని తెలియకుండా వచ్చేవాళ్లకు నేను క్యాంపస్‌నే చెబుతాను. పక్కవాడి చేతులు ఎలా కదులుతున్నాయో చూసి నేర్చుకునేది ఎంతో ఉంటుంది.

బతుకు గడుస్తుందా? గడుస్తుంది. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే మాత్రం నిరాశపడతారు. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు జీతం బాగా తక్కువ, పని గంటలు ఎక్కువ. అందుకే అప్పు భారీగా చేసి పెద్ద ప్రైవేటు కాలేజీలో చేరడం నేను సమర్థించను. గుర్తింపు ఉన్న కమ్యూనిటీ కాలేజీలో అదే డిగ్రీ చాలా తక్కువ ఫీజుకు వస్తుంది, బోర్డు పరీక్ష కూడా అందరికీ ఒకటే. మీరు ఇప్పటికే చేసిన జనరల్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు బదిలీ అవుతాయేమో చూసుకోండి. ఫ్యూనరల్ సర్వీస్ ఫౌండేషన్ లాంటి సంస్థలు స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి, పోటీ మరీ ఎక్కువ ఉండదు, తప్పకుండా దరఖాస్తు పెట్టండి.

పని తీరు కూడా మారుతోంది. 2015 ప్రాంతంలో అమెరికాలో దహనాలు ఖననాలను దాటాయి, ఇప్పుడు 60 శాతం పైనే. మిన్నెసోటా 2003లో క్షారజలంతో దేహాన్ని కరిగించే పద్ధతిని చట్టబద్ధం చేసింది. వాషింగ్టన్ రాష్ట్రం 2019లో దేహాన్ని మట్టిగా మార్చే పద్ధతికి ఒప్పుకుంది. ఎంబామింగ్ తగ్గుతోంది కదా, అంత వివరంగా ఎందుకు నేర్చుకోవాలి అంటారు కొందరు. ఎంబామింగ్ లేకుండా కుటుంబానికి చూపించాలన్నా దేహంలో ఏ గంటకు ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. ఆ తెలివి ఎంబామింగ్ చదివినవాళ్లకే బాగా వస్తుంది.

మనవాళ్ల గురించి కొంచెం. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చావు వచ్చినప్పుడు వాళ్లకు కావలసింది ఇక్కడి డైరెక్టర్లలో చాలామందికి తెలియదు. స్నానం మేమే చేయిస్తాం, బట్టలు మేమే కడతాం, పంతులుగారు వస్తారు, పెద్దకొడుకు దహన యంత్రం మీట తానే నొక్కాలి అంటారు. కుటుంబం దగ్గరుండి చూసే దహనానికి చోటు చాలిన దహనశాల ముందే చూసిపెట్టాలి, ఎంతమంది వస్తారో నిజం చెప్పించాలి. దేహాన్ని ఇండియాకు పంపాల్సివస్తే ఎంబామింగ్ పత్రం, అంటువ్యాధి లేదన్న లేఖ, మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేట్ అనుమతి, విమానంలో కార్గో బుకింగ్ అన్నీ ఒకదాని వెనక ఒకటి కావాలి. ఒక్కటి ఆలస్యమైతే అక్కడ ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు ఒక రోజు పెరుగుతుంది. తెలుగులో మాట్లాడుతూ ఇవన్నీ చేసిపెట్టే మనిషి దొరికితే ఆ ఇంటికి అది ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను. మీకు తెలుగు రావడం ఈ వృత్తిలో పనికొచ్చే అర్హతే.

అమ్మానాన్నలకు చెప్పడం అన్నిటికంటే కష్టం. కాటి పనిని మన దగ్గర కొన్ని కులాల మీదకు నెట్టేసి, చేసేవాళ్లను దూరం పెట్టిన చరిత్ర ఉంది. వాళ్ల మాటల్లో మైల అనీ, పెళ్లి కాదనీ వచ్చేది అక్కడి నుంచే. ఆ మాటకు కోపం తెచ్చుకుని వాదిస్తే తేలదు. ఇది రాష్ట్రం లైసెన్సు ఇచ్చే వృత్తి అని, అనాటమీ, పాథాలజీ, చట్టం చదవాలని, ఈ కోర్సుల్లో ఇప్పుడు సగానికి మించి అమ్మాయిలేనని చెప్పండి. వీలైతే మీరు పనిచేసే ఫ్యూనరల్ హోమ్‌కి ఒకసారి తీసుకెళ్లి, అక్కడి డైరెక్టర్‌తో కూర్చోబెట్టండి. మా దగ్గరికి అలా వచ్చిన ఒక తండ్రి గంటసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు, పసిపిల్లలు పోయినప్పుడు మీరు ఎంత తీసుకుంటారు అని అడిగారు. మా పనికి ఏమీ తీసుకోం అని చెప్పాను. ఆయన కూతురు ఇప్పుడు లైసెన్సు ఉన్న డైరెక్టర్. అందరూ ఒప్పుకుంటారని నేను చెప్పలేను. కొందరు ఏళ్ల తరబడి ఒప్పుకోరు, అది భరించగలరో లేదో కూడా ఆలోచించుకోండి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు రెండు లెక్కలు చూడండి: మొదటిసారి రాసి బోర్డు పరీక్ష పాసైనవాళ్ల శాతం, చేరినవాళ్లలో కోర్సు పూర్తిచేసినవాళ్ల శాతం. గుర్తింపు ఉన్న ప్రతి కాలేజీ వీటిని బయటపెట్టాలి. పరీక్ష పాసైనవాళ్ల మూడేళ్ల సగటు 60 శాతం కంటే తగ్గితే దాని గుర్తింపుకే ముప్పు. 60కి అటూ ఇటూ ఊగిసలాడే కాలేజీ వద్దు. తర్వాత కాలేజీకి ఫోన్ చేసి, ఒక్కో విద్యార్థి కోర్సులో సగటున ఎన్ని ఎంబామింగ్‌లు చేస్తాడు, వాటిలో చేతులు పెట్టినవెన్ని, నిలబడి చూసినవెన్ని అని అడగండి. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ కింద ఎందరు ఉంటారో, దానం చేసిన దేహాల మీదనా, ఫ్యూనరల్ హోమ్‌లకు వచ్చినవాటి మీదనా నేర్పేది అనీ అడగండి. హెపటైటిస్ బీ టీకా ఇంకా వేయించుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, డోసులు పూర్తికావడానికి మామూలుగా నెలలు పడుతుంది. మీ రాష్ట్రం పేరు రాస్తే అక్కడి లైసెన్సు గురించి నాకు తెలిసినంతవరకు చెబుతాను.